వెదురు పందిరి ఊగుతోందా, గడ్డికప్పు కారుతోందా? ఎక్కడ తప్పిందో, ఎలా సరిచేయాలో

వెదురు, గడ్డితో కట్టినవాటిలో జబ్బు ఒకచోట ఉంటే నొప్పి ఇంకోచోట తేలుతుంది. నేను మొదట కట్టిన పందిరి రెండో వానాకాలంలో కారడం మొదలుపెట్టింది. కారినచోటల్లా గడ్డి మీద గడ్డి కప్పాను. కప్పిన కొద్దీ కారింది. తీరా చూస్తే నడిమి నిట్టాడి, అంటే కొప్పును మోసే గుంజ, కాలు కుళ్ళి, నాలుగు వేళ్ళ మందం నేలలోకి దిగిపోయింది. దాంతో రెండు వాలులు కలిసే ఆ కొప్పు కుంగింది, కప్పు వాలు తగ్గింది, జారిపోవాల్సిన నీళ్ళను గడ్డి పీల్చుకుంది. నేనేమో పైన ఇంకా బరువు వేస్తూ కూర్చున్నాను.

అప్పటినుంచి ఫిర్యాదు ఏదైనా సరే, కింద నుంచి పైకి చూసుకుంటూ వెళ్తాను: ముందు గుంజల కాళ్ళు, తర్వాత అతుకులు, ఆ తర్వాత ఏటవాలు బద్దెలు, చివర్లో కప్పు. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. గుచ్చి చూడటానికి పదునైన మేకు, తట్టి చూడటానికి చిన్న కర్ర, టార్చిలైటు, నిలువు చూడటానికి రాయి కట్టిన దారం ఉంటే చాలు.

గుంజ మొదలు నల్లబడింది, గుచ్చితే మేకు దిగిపోతోంది

మంచి బొంగును తడితే ఖంగుమంటుంది. కుళ్ళినది మూగగా పలుకుతుంది. నేలకు జానెడు పైనా కిందా మేకుతో చుట్టూ గుచ్చి చూడండి. ఒక పక్క గట్టిగా ఉండి రెండో పక్క మెత్తగా ఉండటం మామూలే.

కుళ్ళు సరిగ్గా నేల మట్టం దగ్గరే ఎందుకు మొదలవుతుందంటే, బూజుకు నీరూ గాలీ రెండూ కావాలి. బాగా లోతున గాలి తక్కువ, పైన తడి తక్కువ. రెండూ సమంగా దొరికేది ఆ మట్టం దగ్గరే. మందు పెట్టని వెదురును నేలలో పాతితే ఒకటి నుంచి మూడేళ్ళు నిలుస్తుంది. అదే వెదురు నేలకు తగలకుండా కప్పు కింద ఉంటే నాలుగు నుంచి ఏడేళ్ళ దాకా వస్తుంది.

గుంత తీసి బొంగు నిలబెట్టి చుట్టూ కాంక్రీటు పోస్తే సరిపోతుందనుకుంటారు. నేనూ పోశాను. పచ్చి కాంక్రీటు తడికి వెదురు ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది. చుట్టూ సన్నని సందు మిగులుతుంది. ఆ సందులో వాన నీళ్ళు గిన్నెలో నిలిచినట్టు నిలుస్తాయి. మట్టిలో అయితే కనీసం ఇంకిపోయేవి. పాత ఇంజన్ ఆయిల్ పూయడం ఇంకో చిట్కా. వెదురు పైతోలు మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి ఆ నూనె లోపలికి పోదు, నేల మాత్రం పాడవుతుంది. నేనైతే వద్దంటాను.

సరిచేయాలంటే ఆ గుంజ మోస్తున్న దూలానికి రెండు వైపులా ఊతాలు పెట్టి బరువు దించండి. కుళ్ళు కనిపించినంత మేరకే కోస్తే చాలదు, ఇంకో మంచి కణుపు దాటేదాకా కోయండి. కోత కణుపుకు కాస్త కిందుగా పడాలి. అప్పుడు బొంగు అడుగున కణుపు గట్టిదనం మిగులుతుంది. కింద రాయితోనో కాంక్రీటుతోనో దిమ్మె కట్టి, దాని తల నేలకు కనీసం 30 సెంటీమీటర్ల పైన ఉండేలా చూడండి. చూరు నీళ్ళు గట్టి గచ్చు మీద పడి చిట్లే చోటైతే 45 పెట్టండి. దిమ్మెలోంచి 12 మిల్లీమీటర్ల ఇనుప చువ్వ పైకి రావాలి. బొంగు లోపలి కణుపు పొరలు పొడిచి, ఆ చువ్వ మీదికి దించి, ఖాళీని సిమెంటు ఇసుక ముద్దతో నింపండి. దిమ్మె తల మీద నీళ్ళు నిలవకుండా బయటికి వాలు పెట్టండి. దిమ్మెకూ బొంగుకూ మధ్య తారు అట్ట ముక్క వేస్తే కింద నుంచి చెమ్మ పైకి పాకదు.

ఈ మరమ్మతు అయ్యాక పందిరి ముందుకన్నా ఎక్కువ ఊగుతుంది. కంగారు పడకండి, దాని సంగతి కింద ఉంది.

బొంగుల కింద తెల్లటి పిండి రాలుతోంది

పొద్దున్నే కుర్చీల మీద సన్నని పిండి, బొంగు మీద గుండుసూది తలంత కన్నాలు. ఇది పుచ్చు పురుగు పని. దానికి కావాల్సింది బొంగులోని పిండి పదార్థం. లేత బొంగులో అది దండిగా ఉంటుంది. వెదురు కొన్ని నెలల్లోనే పూర్తి ఎత్తు పెరిగిపోతుంది. గట్టిపడటానికి మాత్రం మూడు నాలుగేళ్ళు పడుతుంది. పొడవు చూసి ముదురు అనుకోవడమే అసలు పొరపాటు. కణుపుల దగ్గర తెల్లటి బూడిద, పొట్టు తొడుగులు ఇంకా అంటుకుని ఉంటే అది లేతది. రంగు మాసి, ఒంటి మీద అక్కడక్కడ పాచి మచ్చలు పట్టినది ముదురు.

అనుమానంగా ఉంటే కోసిన చివర మీద ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం కలిసిన నలుపుకు తిరిగితే పిండి ఉన్నట్టు, పురుగుకు విందు సిద్ధంగా ఉన్నట్టు. కొనే ముందు ఈ పరీక్ష చేస్తే ఆ తర్వాతి తిప్పలు సగం తగ్గుతాయి.

ఇప్పటికే కట్టినదానికి పైన మందు పూస్తే లాభం లేదు. పైతోలు మందును లోపలికి పోనివ్వదని చెప్పానుగా. ప్రతి రెండు కణుపుల మధ్య సన్నని కన్నం వేసి, సిరంజితో బోరాక్స్, అంటే వెలిగారం, కలిపిన నీళ్ళు లోపలికి ఎక్కించి, కన్నాన్ని మైనంతో మూయాలి. విసుగు పుట్టించే పనే. అందుకే నేను ముందు తట్టి చూస్తాను. డొల్లగా పలికినా, బొటనవేలితో నొక్కితే చిట్లినా ఆ బొంగుకు మందు దండగ, మార్చేయడమే. తతిమ్మా వాటికి సిరంజి.

కొత్తగా తెచ్చే బొంగులకైతే ముందే మందు పట్టించండి. 100 లీటర్ల నీళ్ళకు 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ ఆమ్లం. వేడి నీళ్ళలో త్వరగా కరుగుతాయి. పొడవాటి ఇనుప చువ్వతో ఆ చివర నుంచి ఈ చివరకు లోపలి పొరలన్నీ పొడవాలి, లేకపోతే మందు మొదటి గదిలోనే ఆగిపోతుంది. బొంగులు తేలతాయి కాబట్టి పైన బండలు పెట్టి వారం నుంచి రెండు వారాలు ముంచి ఉంచండి. తీశాక నీళ్ళు ఓడ్చి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, పిల్లల్నీ పశువుల్నీ దగ్గరికి రానివ్వకండి. మిగిలిన నీళ్ళు మొక్కల మొదట్లో పోయకండి, బోరాన్ ఎక్కువైతే మొక్క మాడిపోతుంది.

ఒక్క షరతు. ఈ మందు నీళ్ళలో కరిగేది కాబట్టి వానకు కడుక్కుపోతుంది. కప్పు కింద ఉన్న బొంగుకే దీని కాపలా. వానలో తడిసే గుంజకూ, నేలలో పాతే కాలికీ దీన్ని నమ్ముకోవద్దు.

గుంజ మీద మట్టి దారులు

ఇది పుచ్చు కాదు, చెద. పిండి రాలదు, మట్టి గొట్టాలు పాకుతాయి. గొట్టాన్ని గీకేసి రెండు రోజులాగి చూడండి. మళ్ళీ కట్టుకుంటే పుట్ట బతికే ఉంది. దిమ్మె ఉంటే చెద దాని మీదుగానే రావాలి కాబట్టి కంటికి కనబడుతుంది. దిమ్మె చుట్టూ ఆకులు, చెత్త, కట్టెలు పోగు పడనివ్వకండి. కొన్ని చోట్ల దిమ్మె మీద అంచులు కిందికి వంచిన రేకు టోపీ పెడతారు. అది చెదను చంపదు, దారి మళ్ళించి మన కంట పడేలా చేస్తుంది. అంతే చాలు.

బొంగు నిలువునా పగిలింది

సన్నని పగులు ఒకటి కనబడగానే బొంగు పోయిందనుకోనక్కర్లేదు. పచ్చి బొంగును ఎండలో పడేస్తే బయటి పక్క ముందు ఆరి పగుళ్ళిస్తుంది. నీడలో ఆరబెట్టినా ఒకటో రెండో వస్తాయి. బోల్టు కన్నం నుంచి మొదలై కణుపు దాటి పాకిన పగులు మాత్రం ప్రమాదం.

వెదురు నారలన్నీ పొడవు వెంటే నడుస్తాయి. రెండు కణుపుల మధ్య వాటిని అడ్డంగా కలిపి పట్టే నార ఉండదు. మేకు దిగ్గొడితే చీలిక తప్పదు, అది బొంగు తప్పు కాదు. ఎక్కడైనా ముందు డ్రిల్లుతో కన్నం వేసి, తర్వాత బోల్టు తొడగాలి. కన్నం కణుపుకు దగ్గర్లో పడాలి. బోల్టుకు పెద్ద వాషరు వేయాలి. బిగించేటప్పుడు చేతి బలమంతా చూపిస్తే డొల్ల బొంగు నలిగిపోతుంది.

పగిలినదానికి రెండు పక్కలా స్టీలు పైపు క్లిప్పులు బిగించండి, లేదా జింకు పూత తీగ దగ్గర దగ్గరగా చుట్టండి. దూలమైతే ఇంకో మాట. పగులు పై వైపున ఉంటే నీళ్ళు దిగుతాయి, పక్కన ఉంటే బరువుకు బొంగు రెండు చెక్కలుగా జారిపోయే వీలుంటుంది. విప్పి తిప్పగలిగితే పగులును కిందికి తిప్పండి.

ఎక్కువ బరువు పడే అతుకుల్లో బోల్టు ఉన్న గదిని సిమెంటు ముద్దతో నింపే పద్ధతి ఉంది. కొలంబియా ఆర్కిటెక్టు సిమోన్ వెలెస్ పెద్ద పెద్ద వెదురు కట్టడాలు లేపింది ఈ కిటుకుతోనే. పందిరికి ప్రతి అతుకుకూ అక్కర్లేదు. గుంజ తల, దూలం చివర లాంటి చోట్ల చాలు. బొంగు బాగా ఆరాకే నింపాలి, ముద్ద గట్టిపడేదాకా బరువు మోపకూడదు.

కట్టినప్పుడు బిగువుగా ఉన్న కట్లు ఇప్పుడు చేత్తో తిరుగుతున్నాయి

తాడు సాగిందని తాడును తిడతాం. చాలాసార్లు సన్నబడింది బొంగు. పచ్చి వెదురు ఆరేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది, కట్టు అలాగే ఉండిపోతుంది. నీడలో రెండు మూడు నెలలు ఆరిన బొంగుతో కట్టి ఉంటే ఈ గొడవే లేదు.

ఉన్న కట్టు మీద ఇంకో కట్టు చుట్టకండి, అది కింది వదులును దాచిపెడుతుంది, అంతే. విప్పి మళ్ళీ కట్టండి. ముందు రెండు బొంగుల్నీ కలిపి చుట్టి, ఆ తర్వాత ఆ చుట్ల మీదుగా బొంగుల సందులోంచి అడ్డంగా రెండు మూడు చుట్లు తిప్పి లాగితే కట్టు నడుము బిగుస్తుంది. చాలా కట్లకు లేనిది ఈ అడ్డ చుట్టే. నానబెట్టిన వెదురు నారతోనో పేముతోనో కడితే ఆరాక ఇంకా పట్టేస్తుంది. నైలాన్ తాడు కట్టేటప్పుడు హాయిగానే ఉంటుంది కానీ సాగుతుంది, ఎండకు పెళుసెక్కుతుంది. చూరు అంచున ఎండ తగిలేచోట వాడితే ఏటా చూసుకోవాలి.

అతుకు జారిపోతుంటే మాత్రం తాడుతో పని జరగదు. కట్టు కింద బొంగులోకి చిన్న చెక్క గూటం దిగేసి ఆనిక ఇవ్వండి.

పై మూల పట్టుకుని నెడితే మొత్తం ఊగుతోంది

నాలుగు గుంజలు, పైన నాలుగు దూలాలు కలిస్తే చూడటానికి పెట్టె. నిజానికి అది మడత మంచం. అతుకు ఎంత బిగించినా నలుచదరం పక్కకు వాలుతుంది, త్రికోణం వాలదు. పాతిన గుంజకు నేల పట్టు ఉంటుంది కాబట్టి ఈ లోటు కొన్నాళ్ళు బయటపడదు. కుళ్ళు భయంతో దిమ్మె మీదికి ఎక్కించగానే బయటపడుతుంది.

అందుకే దిమ్మె కట్టిన రోజే ఏటవాలు బద్దెలు కూడా కట్టేయండి. గుంజ తలకు మూడడుగుల కింద నుంచి దూలానికి సుమారు 45 డిగ్రీల్లో. ప్రతి మూలకూ రెండేసి, అంటే రెండు దిక్కులకూ. ఒక దిక్కుకే కడితే రెండో దిక్కుకు ఊగుతుంది. బద్దె చివరలు రెండూ కణుపు దగ్గరే తగలాలి. కణుపుల మధ్య డొల్లలో ఆనిస్తే గుంజను అదే నలిపేస్తుంది. నడవడానికి అడ్డం అనిపిస్తే వెనక గోడ వైపు నిండుగా ఇంటూ ఆకారంలో వేసి, ముందు వైపు చిన్న మూల బద్దెలతో సరిపెట్టండి. తలుపులాంటి ఖాళీ కావాలని బద్దెలన్నీ పీకేసిన పందిళ్ళు చూశాను. గాలి తోసిన వైపుకు చెప్పినట్టు పడుకున్నాయి.

గాలికి కప్పు లేస్తోంది

వెదురు కట్టడాన్ని కూలగొట్టేది చాలాసార్లు దాని తేలికదనమే. సెకనుకు 20 మీటర్ల గాలి, అంటే గంటకు 72 కిలోమీటర్లు, ఒక్కో చదరపు మీటరు మీద దాదాపు 25 కిలోల ఒత్తిడి పెడుతుంది. నాలుగు మీటర్లు పొడవు, నాలుగు మీటర్లు వెడల్పున్న కప్పుకు లెక్కేస్తే 400 కిలోలు. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లు. అంచుల దగ్గర, కొప్పు దగ్గర ఈ లాగుడు ఇంకా ఎక్కువ. గోడల్లేని పందిరికి కింద నుంచి తోపు కూడా తోడవుతుంది.

కప్పు బరువు కిందికి ఎలా దిగుతుందో అందరూ ఆలోచిస్తారు. పైకి లాగితే ఏది పట్టుకుంటుందో కూడా చూడాలి. గడ్డిని పట్టిన బద్ద, బద్దను పట్టిన వాసం, వాసాన్ని పట్టిన దూలం, దూలాన్ని పట్టిన గుంజ, గుంజను పట్టిన చువ్వ, చివరికి దిమ్మె. ఒక్కో అతుకు దగ్గర ఆగి, ఇది పైకి లేస్తే ఆపేది ఏది అని అడగండి. వాసం దూలం మీద ఊరికే కూర్చుని ఉంటే అక్కడ పట్టు లేనట్టే. ఇనుప చువ్వ గుంజలోకి వెళ్ళినచోట అడ్డంగా ఒక బోల్టు వేసి దిమ్మెకు కలపండి. 60 సెంటీమీటర్ల ఘనం కాంక్రీటు దిమ్మె 500 కిలోల దాకా తూగుతుంది. అలాంటివి నాలుగు ఉంటే పై లెక్కకు ఒక సమాధానం దొరుకుతుంది.

చూరు 60 నుంచి 90 సెంటీమీటర్లు బయటికి ఉంటే గుంజలకు వాన దెబ్బ తగ్గుతుంది. అంతకు మించి చాపితే గాలికి అదే పిడి అవుతుంది. కింద ఏటవాలు ఊతాలు లేకుండా చాపకండి. గడ్డి చెదురుతుంటే కప్పు పైన వెదురు బద్దలు అడ్డంగా వేసి, లోపలి బద్దలకు కలిపి కుట్టండి. రెండు వాలుల కప్పుకన్నా నాలుగు వాలుల కప్పు గాలికి మెరుగ్గా నిలబడుతుంది.

దూలం నడుములో వంగింది

దూలం పొడవు రెట్టింపైతే, ప్రతి మీటరుకూ అదే బరువున్నా, వంగడం పదహారు రెట్లవుతుంది. కాబట్టి లావు బొంగు కోసం వెతికేకన్నా నడుమ ఒక ఊతం పెట్టడం తేలిక. గుంజల నుంచి లేచే రెండు ఏటవాలు బద్దెలు కూడా ఆ పని చేస్తాయి. పచ్చిగా ఉండగా బరువు మోసిన బొంగు వంపు పూర్తిగా వెనక్కి రాదు. ఊతంతో నిలిపి ఉంచండి, జాకీ పెట్టి ఒక్కసారిగా ఎత్తి సరిచేయాలని చూడకండి, చీలుతుంది.

కప్పు కారుతోంది

కారే తీరును బట్టి కారణం పట్టుకోవచ్చు. వాన పడుతుండగా లోపల నిలబడి చూడటమే మంచి పరీక్ష.

అంతటా సన్నగా చుక్కలు పడుతూ, వాన వెలిశాక కూడా చాలాసేపు కారుతుంటే వాలు చాలలేదు. అడ్డంగా ఒక మీటరు కొలిచి, అక్కడ కప్పు ఎంత లేచిందో చూడండి. మీటరు లేస్తే 45 డిగ్రీలు, గడ్డికి అంత కావాలి. 58 సెంటీమీటర్లే లేస్తే 30 డిగ్రీలు. ఆ వాలులో ఎంత మందం వేసినా నానుతుంది. పరకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి కాబట్టి కప్పు వాలుకన్నా పరక వాలు ఎప్పుడూ తక్కువే. కప్పు 30 దగ్గర ఉంటే పరకలు దాదాపు పడుకున్నట్టే, నీళ్ళు జారవు. దీనికి అతుకు మందు లేదు. కొప్పు ఎత్తి మళ్ళీ నేయాల్సిందే. చాలామంది అడుగున ప్లాస్టిక్ పట్టా వేసేస్తారు. గడ్డికి ఆనించి వేస్తే తడి ఆరక అడుగు నుంచి కుళ్ళుతుంది. తప్పదనుకుంటే మధ్యలో గాలి ఆడేలా బద్దలతో సందు ఇచ్చి వేయండి.

ఒకేచోట కారుతుంటే కారే చోటికి నేరుగా పైన వెతక్కండి. నీళ్ళు దిగింది వాలులో ఇంకా పైనెక్కడో. మిట్టమధ్యాహ్నం లోపల నుంచి చూస్తే వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అక్కడ కొత్త గడ్డి పైన పరిస్తే మొదటి గాలికే పోతుంది. అదే రకం గడ్డిని చిన్న కట్టగా చేసి, ఉన్న పరకల దారిలోనే కింద నుంచి పైకి, కట్టు కిందికి దూర్చాలి. బిగువుగా దూరితేనే నిలుస్తుంది.

కొప్పు వెంట కారడం అన్నిటికన్నా మామూలు. రెండు వాలులు కలిసేచోట గడ్డి మడత పడి పడుకుంటుంది, ఎండా వానా నేరుగా తగిలేదీ అక్కడే. వాలు బాగున్నా కొప్పు ముందే పోతుంది. మొత్తం కప్పు విప్పనక్కర్లేదు. కొప్పు పొర ఒక్కటే తీసి, కొత్త గడ్డిని జీనులా రెండు పక్కలా మూరెడు దిగేలా వేసి, పైన బద్దలతో అదిమి కుట్టండి. వాలు ఒక్కసారి నేసే లోపల కొప్పును రెండు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. ఇది లోపం కాదు, దాని తీరే అంత.

గుంజో పైపో కప్పును పొడుచుకుని పైకి వచ్చినచోట కారుతుంటే దాన్ని కిందనే కోసేయడం నాకు తెలిసిన ఒకే ఒక్క శాశ్వత వైద్యం.

గడ్డి ఇంకా పనికొస్తుందో లేదో తెలియాలంటే గట్టి వాన వెలిసిన మర్నాడు వేళ్ళు దూర్చి చూడండి. పై రెండు మూడు అంగుళాలే తడిసి, లోపల పొడిగా ఉంటే బాగున్నట్టు. లోపల వెచ్చగా, నల్లగా, ఎరువులా చేతికి అంటుకుంటే ఆ భాగం తీసేయండి.

చిన్నాచితకా

పాచి పడితే పైన కమ్ముకున్న కొమ్మలు కొట్టండి. ఎండ, గాలి తగిలితే సగం పాచి పోతుంది. ఎలుకలు, పక్షులు గడ్డి పీకుతుంటే చూరు అంచుకూ కొప్పుకూ సన్న కన్నాల తీగ వల కప్పండి. నిలబెట్టిన బొంగు తల తెరుచుకుని ఉంటే వాన నీళ్ళు నిండి లోపల కుళ్ళుతుంది, దోమలూ పెరుగుతాయి. కణుపుకు కాస్త పైన కోసి మూత వేయండి, ఇప్పటికే నీళ్ళుంటే అడుగున చిన్న కన్నం పెట్టి ఓడ్చండి. ఎండకు బొంగు బూడిద రంగుకు తిరగడం జబ్బు కాదు. రంగు నిలవాలంటే సాండ్‌పేపరుతో తేలిగ్గా రుద్ది అవిశె నూనె పట్టించండి, రుద్దకపోతే ఏ పూతా పట్టదు.

నిప్పుకు మాత్రం మరమ్మతు లేదు. పొయ్యి, బాణసంచా, వేడెక్కే బల్బు ఏదీ గడ్డి దరిదాపుల్లో ఉండకూడదు. కరెంటు తీగలు గొట్టంలో పోవాలి, గడ్డిని తాకకూడదు. నిప్పంటకుండా చల్లే మందుల్లో చాలావరకు వానకు కొట్టుకుపోయేవే, చల్లామని ధీమా వద్దు.

ఎప్పుడు విప్పేయాలి

గుంజల్లో సగానికి పైగా డొల్లగా పలికితే, ఎదురెదురు మూలల్లో కాళ్ళు రెండూ కుళ్ళితే, ఊతాలు తీస్తే నిలబడదనిపిస్తే ఇక విప్పేయడమే మేలు. విప్పేటప్పుడు ముందు గడ్డి, తర్వాత బద్దలు, ఆ తర్వాత వాసాలు. కప్పు మీద బరువు ఉండగా ఏటవాలు బద్దెల జోలికి పోకండి, వాటిని అన్నిటికన్నా చివర్లో, గుంజలకు తాళ్ళు కట్టి పట్టుకున్నాకే విప్పండి. తీసిన వాసాల్లో ఖంగుమన్నవి పక్కన పెట్టుకోండి, వచ్చే పందిరికి ఏటవాలు బద్దెలుగా పనికొస్తాయి.